మంద పడుకునే పొలంలో చార్జింగ్ లైటు

గొర్రెల మంద నిద్రపోవడం కోసం ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. నేనూ పెట్టుకోలేదు. మా అమ్మ పెట్టింది.

అమ్మకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల చెలక జనగామ దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉంది. చెలక అంటే వాన పడితేనే పండే మెట్ట భూమి. ఇన్నేళ్ళూ దాన్ని కౌలుకు చేసిన ముసలాయన ఈ ఏడు తన వల్ల కాదన్నాడు. ఎన్ని బస్తాల యూరియా చల్లినా నేల గచ్చులా గట్టిపడుతోందే తప్ప పంట రావడం లేదట. చుట్టుపక్కల ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్ళు తెల్లరాళ్ళు పాతుకుంటూ వస్తున్నారు. వాళ్ళ మనిషి ఒకాయన వారానికోసారి అమ్మకు ఫోన్ చేసి ఆరోగ్యం కనుక్కుంటాడు. మా బంధువుల్లో ఎవరూ అంత క్రమం తప్పకుండా కనుక్కోరు.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరే, చిక్కడపల్లిలోనే ఉంటోంది. ఆ భూమి గురించి ఆమె మాట ఒక్కటే. "దున్నేటోళ్ళుంటే ఉంచుత. బీడుగ పడావు పెట్టుడు నాతోని గాదు. ఈ వానలకు నాగలి వడకపోతే సంతకం పెట్టేస్త."

దున్నే మనిషి ఒకరు దొరికారు. మా పెద్దమ్మను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. ఆమె కోడలు స్వరూప వదిన కౌలుకు చేస్తానంది, ఒక షరతు మీద. "మంద వడ్తే చేస్త. మంద వడకపోతే నాకొద్దు."

మంద పడటం ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. నాకూ మొన్న మే నెల దాకా సరిగా తెలియదు. యాసంగి పంటలు కోసేశాక, వానలు రాకముందు, గొర్రెల కాపరులు తమ మందను రోజుకొకరి పొలంలో పడుకోబెడతారు. గొర్రెలు రాత్రంతా పెంటికలు వేస్తాయి, ఉచ్చ పోస్తాయి. అదే ఎరువు. బదులుగా పొలం వాళ్ళు బియ్యం, కొంత పైకం, కాపరులకు తిండి ఇస్తారు. ఆ ఊళ్ళో దీనికి ఇంకో ఆనవాయితీ ఉంది. మంద పడిన రాత్రి భూమిగల ఇంటి మనిషి ఒకరు పొలంలోనే పడుకోవాలి. మనిషి లేని పొలంలో వాళ్ళు మంద పెట్టరు. స్వరూప వదిన పడుకుంటే చెల్లదు, ఆమెకు ఇంకా కౌలు ఇవ్వలేదు కదా.

అమ్మకు మోకాళ్ళు. మా ఆయనకు ఆఫీసులో ఆడిట్. మిగిలింది నేను. నేను వెళ్తే నాతో వేద, మా రెండున్నరేళ్ళ పిల్ల.

నారాయణగూడ

నేను భయస్తురాలిని. వేద పుట్టినప్పటి నుంచి లోకంలో ఉన్న వస్తువులన్నిటినీ నేను రెండు రకాలుగానే చూస్తున్నాను. గొంతులో ఇరుక్కునేవి, ఇరుక్కోనివి.

చీకటి సంగతి వేరు. చీకటితో నాకు పరిచయమే తక్కువ. మా ఇల్లు చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వెళ్ళే సందులో, మూడో అంతస్తు. ఎదురుగా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్. ఆ ట్యూబులైట్లు ఆరడం పెళ్ళయి వచ్చాక నేను ఒక్కసారి కూడా చూడలేదు. నోటిఫికేషన్ వచ్చినా వెలుగుతాయి, వాయిదా పడినా వెలుగుతాయి. వేద ఆ వెలుతురులోనే పుట్టి ఆ వెలుతురులోనే పెరుగుతోంది.

అందుకని బయల్దేరే ముందురోజు నారాయణగూడలో ఒక ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్ళి చార్జింగ్ లైటు అడిగాను.

"ఒక్కసారి ఫుల్ చార్జ్ జేస్తే తెల్లారేదాక ఉంటదక్కా," అన్నాడు దుకాణం అతను. "తెల్లారినంక గూడ ఉంటది గని, అప్పుడు మీకు అవసరముండదు. గ్యారంటీ."

"పాములు గిట్ల రావుగా లైటుంటే?"

"పాములకు గ్యారంటీ లేదక్కా. లైటుకే."

ఆరువందల యాభై అన్నాడు. ఐదువందలకు ఇచ్చాడు. చాలా మంచి లైటు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ ఫిర్యాదు లేదు.

బస్సులో

సంచిలో థర్మామీటరు, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమతెర, డెట్టాల్, వేదకు మూడు టోపీలు పెట్టుకున్నాను. వేద మూడు టోపీలనూ ఒకటి తర్వాత ఒకటి బస్సు కిటికీలోంచి బయటికి తోయడానికి ప్రయత్నించింది. ఒకదానితో సఫలమైంది.

కండక్టరమ్మ టికెట్ కొడుతూ అడిగింది. "ఇంత ఎండల పిల్లను వట్టుకోని యాడికక్కా? పెండ్లా?"

"కాదు. మా పొలంలో గొర్రెలు పండుకునేది ఉంది."

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చి, దిగేదాకా మళ్ళీ మా సీటు వైపు రాలేదు.

బస్సు ఆగినచోట ముంజలు అమ్ముతున్నారు. డజను వంద. మా సందు చివర బండిమీద ఇవే నూటయాభై, అవి కూడా ముదురువి. ముంజ గొంతులో ఇరుక్కునే రకం. చిదిమి పెట్టాను.

జొన్న గటక

స్వరూప వదిన స్కూటీ మీద వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. నాకంటే ఐదారేళ్ళు పెద్ద. తక్కువ మాట్లాడుతుంది. మాట్లాడిన కొంచెంలో సగం ప్రశ్నలు.

ఇంట్లో జొన్న గటక, మామిడికాయ పప్పు పెట్టింది. ఇదే జొన్నను మా నారాయణగూడలో అద్దాల కొట్టులో పింగాణీ గిన్నెలో పోసి, మీద రెండు దానిమ్మ గింజలు వేసి అమ్ముతారని చెప్పాను. ధర కూడా చెప్పాను. వదిన నవ్వలేదు.

"గన్ని పైసలకు ఎంత పెడ్తరు?"

చేత్తో గిన్నె సైజు చూపించాను.

"పాపం," అంది. మమ్మల్నో, అమ్మేవాళ్ళనో తెలియలేదు.

తింటూ మంద లెక్క వివరించింది. ఒక రాత్రికి మంద ఒక ఎకరం మేర కమ్ముతుంది. కాబట్టి మొదటి రెండు రాత్రులు మనవి. మూడో రాత్రి పక్క చేను లచ్చవ్వది. నాలుగో రోజు పొద్దున మంద పక్క ఊరికి పోతుంది, వాళ్ళకు మాట ఇచ్చేశారు. మళ్ళీ ఈ వైపు రావడం వచ్చే ఎండాకాలమే.

"రెండెకరాలకు వడాలె," అంది. "ఒక్క చెక్కకు వడి, ఒక్క చెక్క ఒట్టిగ ఉంటే, రెండు చేండ్ల చాకిరి జేసి ఒక్క చేను పంట తీస్కోవాలె. గట్లయితే నాకొద్దు రమ్యా, ముందుగాలనే చెప్తున్న."

ముందుగానే చెప్పింది. ఈ సంగతి తర్వాత అవసరపడుతుంది.

మంద వచ్చింది

పొలం నేను ఊహించినంత బాగా లేదు. పొలమని చెబితే తప్ప తెలియదు. కానుగ చెట్టు ఒకటి, దాని కింద వదిన వేయించిన నులకమంచాలు రెండు, మిగతాదంతా ఎర్రగా ఎండిన నేల. మా చేనుకూ లచ్చవ్వ చేనుకూ మధ్య మోకాలెత్తు గెట్టు. అవతలి వైపు వెంచర్ తెల్లరాళ్ళు, పళ్ళ వరుసలాగా.

పొద్దు గుంకే వేళకు మంద వచ్చింది. ముందు దుమ్ము వచ్చింది, తర్వాత వాసన, ఆ తర్వాత చప్పుడు, చివరికి గొర్రెలు. మూడు వందల పైచిలుకు ఉంటాయన్నారు. వేద ఆనందంతో కెవ్వుమంది. నేను డెట్టాల్ సీసా మూత తీసి పట్టుకుని, ఎవరికి రాయాలో తెలియక మళ్ళీ మూత పెట్టాను.

కాపరుల్లో పెద్ద బీరయ్య. యాభై దాటిన మనిషి. భుజాన గొంగడి, చేతిలో కర్ర, జేబులో అద్దం పగిలిన ఫోను.

"శాంతక్క బిడ్డవా? మంచిగున్నదా మీ అమ్మ? మోకాళ్ళా? మా గొర్లకు గూడ ఒస్తది గా బీమారి," అన్నాడు.

గొర్రెపిల్లలను వల లోపల పెట్టారు. పెద్ద గొర్రెలకు వల ఏమీ లేదు. ఉత్త నేలమీద, చుట్టూ కుక్కలు, బీరయ్య, అతని బావమరిది. అంతే. నేను పొలానికి గేటు ఉంటుందనుకున్నానని చెప్తే వదిన చాలాసేపు నా వైపు చూసింది.

చీకటి పడుతుండగా నేను చార్జింగ్ లైటు తీసి కానుగ కొమ్మకు వేలాడదీసి నొక్కాను. సగం పొలం తెల్లగా వెలిగింది. హాస్టల్ ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు నాకు ప్రాణం కుదుటపడింది.

బీరయ్య దగ్గరికొచ్చి లైటు కింద భాగం తడిమాడు. "గిండ్ల ఫోన్ వెట్టే సందుంది గదా బిడ్డా?"

ఉంది. కానీ లైటు వెలుగుతుంటేనే ఫోను చార్జ్ అవుతుంది, అది దాని పద్ధతి. బీరయ్యకు ఆ పద్ధతి నచ్చింది. మూడు రోజుల నుంచి ఫోను సచ్చిపోయి ఉందట. పెట్టేశాడు.

వదిన పక్క మంచంలో పడుకుంటూ, "పండుకునేటప్పుడు బంజెయ్ రమ్యా, పురుగులొస్తయి," అంది.

"బంజేస్త," అన్నాను.

వేదను దోమతెరలో పెట్టుకుని కథ మొదలుపెట్టాను. కథలో రాజు వేటకు బయల్దేరాడు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. వేదకు తెలిసి ఉండొచ్చు.

గ్యారంటీ

లేచేసరికి తెల్లవారింది. లైటు వెలుగుతోంది. నారాయణగూడ అతను అబద్ధం చెప్పలేదు.

మా పొలంలో ఒక్క గొర్రె లేదు.

మంద మొత్తం గెట్టు దాటి లచ్చవ్వ చేనులో పడుకుని ఉంది. గొర్రెలు, కుక్కలు, బీరయ్య బావమరిది, అందరూ. మా వైపు లైటు వెలుతురు ఎంతవరకు పడిందో అంతమేరా నేల శుభ్రంగా ఉంది. వెలుతురు ఆగిపోయిన గీత దగ్గర పెంటికలు మొదలై, గెట్టు ఎక్కి, అవతలికి దిగి, లచ్చవ్వ చేనులో నల్లగా పరుచుకున్నాయి. అంత సేంద్రియమైన దృశ్యం నేనెప్పుడూ చూడలేదు. అది మా పక్కింటివాళ్ళది.

వదిన నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఏందన్నా గిది?"

బీరయ్య కానుగ చెట్టు కింద గొంగడిలోంచి లేచాడు. పొలాన్ని చూశాడు, లైటును చూశాడు, నన్ను చూశాడు, చివరికి తన ఫోనును చూశాడు. వందకు వంద ఉంది.

"ఎలుగున్నకాడ గొర్రె పండదు," అన్నాడు మెల్లగా. "రాత్రంత చీకటి దిక్కు జరుక్కుంట జరుక్కుంట పోయినట్టున్నయి."

"నువ్వేం జేసినవ్?"

"పండుకున్న. నాకు ఎలుగుల గూడ నిద్రొస్తది."

"లైటు పెట్టింది నేనే," అన్నాను. ఎవరూ కాదనలేదు.

"ఫోన్ వెట్టింది నేను," అన్నాడు బీరయ్య. దానికీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

గంపతో పెంటికలు ఎత్తి మన చేనులోకి తెచ్చుకుందామన్నాను. నిజంగానే అన్నాను. గంప కోసం చూస్తున్నాను కూడా.

"పెంటిక తెస్తవ్," అంది వదిన. "ఉచ్చ యాడికెళ్ళి తెస్తవ్?"

అది అప్పటికే లచ్చవ్వ భూమిలో ఇంకిపోయింది. బలం సగం దానిదేనట.

నాలుగో రాత్రి ఉండమని బీరయ్యను అడిగాను. పక్క ఊరివాళ్ళు బియ్యం కొలిచి ఎదురుచూస్తున్నారు, మాట తప్పితే వచ్చే ఏడు ఆ ఊరి పొలిమేర తొక్కనివ్వరు అన్నాడు. అంటే మాకు మిగిలింది ఒక్క రాత్రి, ఒక్క ఎకరం. వదిన ముందే చెప్పింది. మళ్ళీ చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పింది.

"చిన్నత్తకు ఫోన్ జెయ్ రమ్యా. స్వరూప కాదన్నదని చెప్పు. ఆమె సంతకం ఆమె చేసుకుంటది."

నేను ఫోను తీశాను. అమ్మ నంబరు మీద వేలు పెట్టి, సిగ్నల్ లేదన్నాను. సిగ్నల్ ఉంది.

లచ్చవ్వ రొట్టెలు

అప్పుడు గెట్టు మీదుగా ఒక ముసలామె నెత్తిన గంపతో వచ్చింది. సన్నగా, నిటారుగా ఉంది. ఆమే లచ్చవ్వ. గంపలో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం.

"మంద నా చేన్ల పండింది. తిండి నాది," అంది, గంప దించుతూ.

"నేను వండి తెచ్చిన," అంది వదిన. ఆమె తెచ్చిన గిన్నె అక్కడే ఉంది.

"నీ చేన్ల పండితే నీ బువ్వ తింటరు. నా చేన్ల పండినయి. ఊకెనే ఎరువు తీసుకునే ఇల్లు గాదు మాది."

"ఊకెనే పడలేదవ్వా, మా లైటుతోని వడ్డది!"

"నేనేమన్న మీ గొర్లకు తాడేసి గుంజిన్నా?"

బీరయ్య న్యాయం కోసం రెండూ తిన్నాడు. బావమరిది కూడా.

నేను వేదను ఎత్తుకుని లచ్చవ్వ దగ్గరికి వెళ్ళాను. ఏమని పిలవాలో తెలియక అవ్వా అన్నాను. "అవ్వా, మీ వంతు మూడో రాత్రి కదా. మీకు ఎట్లాగూ పడింది. మీ రాత్రి మాకిస్తారా?"

లచ్చవ్వ తన చేనులోకి దిగి ఒకసారి అంచు వెంట నడిచి వచ్చింది.

"పడ్డది గని, అంతా గెట్టు పొంటి వడ్డది. అటు కొసకు ఒక్క పెంటిక లేదు. గిది ఒక రాత్రి కింద ఎట్ల లెక్క బిడ్డా?"

"అవ్వా, మంద పడకపోతే వదిన చెయ్యనంటోంది. వదిన చెయ్యకపోతే మా అమ్మ అమ్మేస్తానంటోంది."

"అమ్మితే ఎవరు కొంటరు?"

నేను తెల్లరాళ్ళ వైపు చూపించాను. లచ్చవ్వ అటు చూసింది. ఆమె చేనుకు మూడు వైపులా అప్పటికే ఆ రాళ్ళున్నాయి. మా వైపు ఒక్కటే ఖాళీ. మా రెండెకరాలు కూడా పోతే ఆమె చేనుకు మందను తోలుకొచ్చే దారి ఉండదు. అది నాకు తట్టలేదు. ఆమె తల తిప్పడం చూసి వదిన తర్వాత చెప్పింది.

లచ్చవ్వ మాత్రం దారి గురించి ఏమీ అనలేదు. కానుగ కొమ్మ వైపు చూసింది.

"గా లైటుకు పందులు గూడ రావా?"

అడవి పందులు ఏటా ఆమె పల్లికాయ తవ్విపోతున్నాయట.

"గొర్రెలే రాలేదు కదవ్వా," అన్నాను.

"గట్లయితే లైటిచ్చి నా రాత్రి తీస్కో."

నేను ఆ లైటును చూశాను. ఇంకా రెండు రాత్రులు. చెట్టు కింద, చుక్క వెలుతురు లేకుండా, రెండున్నరేళ్ళ పిల్లతో. ఎలాగూ ఆర్పేయాల్సిందే కదా అనుకోండి. ఆర్పేసిన లైటు తలగడ కింద ఉండటం వేరు, లచ్చవ్వ ఇంట్లో ఉండటం వేరు.

ఇచ్చేశాను. చార్జర్ వైరు కూడా ఇచ్చాను. వేద ఏడ్చింది. బీరయ్య కూడా కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు.

లచ్చవ్వ లైటును కొంగులో చుట్టుకుంది. "రొట్టె తిన్నవా?" అని అడిగి, సమాధానం వినకుండా ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది.

చీకటి

మా ఆయన ఫోన్ చేశాడు. ఇంకో రాత్రి ఎక్కువ ఉంటానంటే, లైటుందిగా అన్నాడు. ఉంది అన్నాను. ఎక్కడుందని అతను అడగలేదు.

రెండో రాత్రి మంచం మీద కూర్చుని బీరయ్యను పాముల గురించి అడిగాను.

"గిన్ని కాళ్ళున్నకాడికి పామెందుకొస్తది బిడ్డా? దానికి పానం తీపి గాదా?"

ఈ మాట నాకు చాలా నచ్చింది. మూడు వందల గొర్రెలు, నాలుగేసి కాళ్ళు. నాకు లెక్కలు వచ్చు. ఆ లెక్క వేసుకుంటూ చాలాసేపు గడిపాను.

చీకట్లో ఏమీ కనిపించదని అంటారు. వినిపిస్తుందని ఎవరూ చెప్పరు. గొర్రెలు దగ్గుతాయి. అచ్చం మా చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ చదివే పెద్దవాళ్ళలాగే, ఒకరు ఆపితే ఇంకొకరు. ఒక గొర్రె వచ్చి మంచంకోడుకు వీపు రుద్దుకుంది. భూకంపం అనుకుని వేద మీద అడ్డంగా పడుకున్నాను. వేద నిద్రలోనే నన్ను తన్నింది.

కాసేపటికి మంద మా మంచం చుట్టూ దగ్గరగా వచ్చి పడుకుంది. వాటి ఒంటి వేడి కింది నుంచి తగులుతోంది. ఎటు చూసినా ఊపిరి. నేను నిద్రపోలేదు. కానీ లేచి కూర్చోనూ లేదు.

పొద్దున చూస్తే మా చేను ఒక ఎకరం మేర నల్లగా ఉంది. వేద మంచం దిగి ఒక పెంటిక తీసి నోట్లో పెట్టుకుంది. అది కచ్చితంగా గొంతులో ఇరుక్కునే రకం. వేలు పెట్టి తీసేలోగా మింగేసింది.

"ఏం గాదు, గడ్డే గదా," అన్నాడు బీరయ్య.

మా పిల్లల డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన నా నంబరు గుర్తుపడతారు.

"ఎన్ని తిందమ్మా?"

"ఒకటి సార్."

"మరి ఇప్పుడేం చేస్తోంది?"

"ఇంకోటి వెతుకుతోంది."

"దొరక్కుండా చూడండి," అన్నారాయన. రెండు రోజులు చూడమన్నారు. చూశాను. ఏమీ కాలేదు.

మూడో రాత్రి నేను నిద్రపోయాను. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

నాలుగో రోజు పొద్దున్నే మంద లేచి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు బీరయ్య మా వదిన వండిన తిండి తిన్నాడు. లచ్చవ్వ గెట్టు మీద నిలబడి అతను తినడం చూసింది. వదిన రెండెకరాలూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. రెండుచోట్ల కాలితో మట్టి పెళ్ళగించింది. నేను వెనక వెనకే నడిచాను.

"ఈ ఏడుకు చేస్త," అంది. "ఒచ్చే ఏడు సంగతి నన్నడగొద్దు. ఈ నేల బాగుపడుతదో లేదో నాకెర్కలేదు."

అడగలేదు.

మళ్ళీ చిక్కడపల్లి

అమ్మ తలుపు తీసి ముందు వేదను చూసింది, తర్వాత నన్ను. తర్వాత మా ఇద్దరినీ బాత్రూంలోకి పంపింది.

"ఈ ఏడుకేనా?" అంది వదిన మాట చెప్పాక. "ఏడు గడవడమెంతసేపు."

వెంచర్ ఆయన ఫోన్ చేస్తే, ఈ ఏడు లేదని చెప్పింది. మరేం ఫర్వాలేదమ్మా, వచ్చే వారం చేస్తానన్నాడు. మోకాళ్ళకు నువ్వుల నూనె మంచిదని కూడా చెప్పాడు.

ఇంటికొచ్చిన రాత్రి వేద నిద్రపోలేదు. ఎదురు హాస్టల్ వైపు వేలు చూపిస్తూ, "లైట్ బంద్, లైట్ బంద్," అంది. హాస్టల్ వాళ్ళకు చెప్పలేం కదా, పరీక్షలు. మర్నాడు నారాయణగూడ వెళ్ళి మందపాటి నల్ల గుడ్డ కొని కిటికీకి కట్టాను. ఇప్పుడు దానికి ఆ గది చీకటిగా ఉంటేనే నిద్ర. నేను హాల్లో కూర్చుని ఇది రాస్తున్నాను. హాల్లోకి హాస్టల్ వెలుతురు వస్తుంది, రాసుకోవడానికి లైటు వేసుకోనక్కర్లేదు.

వానలు పడ్డాయి. వదిన జొన్న, కంది కలిపి వేసింది. మొలక వచ్చిందని ఒక ఫోటో పంపింది. అందులో మొలకల కంటే లచ్చవ్వ ఎక్కువ కనిపించింది, గెట్టు మీద నిలబడి.

నిన్న సాయంత్రం వదిన ఫోన్ చేసింది. నేను వేదకు అన్నం పెడుతున్నానని స్పీకర్ ఆన్ చేశాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది.

"రమ్యా, నువ్విచ్చిన లైటు లచ్చవ్వ పందులకు పెడ్తలేదే."

"మరి?"

"గెట్టు మీద గుంజ పాతి, మన చేను దిక్కు తిప్పి కట్టింది. గిదేందవ్వా అంటె, 'ఎలుగు యాడిదాక వడ్తదో సూస్తున్న' అంటది. నీకు సమజైందా? ఒచ్చే ఎండకాలం మంద మన చేన్ల పండితె, గామె దిక్కెల్లి లైటేస్తది. గొర్లు మళ్ళ గామె చేన్లకే పోతయి!"

"అట్లా చేస్తుందా?"

"చేస్తది. ఆమె నాకు తెల్వదా? నువ్వు ఒచ్చేటప్పుడు గసోంటిదే ఇంకోటి తేవాలె. పెద్దది. నేను ఇటుదిక్కు నుంచి ఏస్త."

ఫోన్ పెట్టేశాను. అమ్మ పొయ్యి కట్టేసింది.

"ఒచ్చే ఎండకాలం అన్నదా?" అంది.

"అన్నది."

అమ్మ చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలను మడతపెట్టి, మళ్ళీ విప్పి, కొక్కేనికి తగిలించింది.

"ఆ లైటు దుకాణం నారాయణగూడల యాడున్నది?" అంది.